వడ్డీ లేని బ్యాంకు, లెక్క అడిగే హక్కు: హైదరాబాద్ చరిత్ర నుంచి

పోయిన ఆదివారం మా స్టడీ గ్రూపులో ఒక ప్రశ్న పెట్టుకున్నాం. "ఇస్లామిక్ బ్యాంకుల పనితీరును వాటి కార్పొరేట్ గవర్నెన్స్ ఎంతవరకు నిర్ణయిస్తుంది? చర్చించండి." 250 పదాలు, 15 మార్కులు. నలుగురం కూర్చుని రాశాం. నాలుగు సమాధానాలూ ఒకేలా మొదలయ్యాయి: రిబా అంటే వడ్డీ, అది నిషిద్ధం, ముదారబా, ముషారకా, మురాబహా... నాలుగూ మలేషియాతోనే ముగిశాయి. ఒక్కరికీ హైదరాబాద్ గుర్తుకు రాలేదు. నలుగురిలో ముగ్గురం తెలుగువాళ్లం!

ఆ సిగ్గుతోనే ఈ వ్యాసం మొదలుపెట్టాను. నేనుండేది జనక్‌పురిలో. రాజేంద్ర నగర్ అద్దెలు భరించలేక ఇక్కడికి వచ్చాను. జనక్‌పురి వెస్ట్ నుంచి మెజెంటా లైన్ ఎక్కితే రైలు మారకుండా జామియా మిల్లియా స్టేషన్‌లో దిగొచ్చు. అక్కడ ఎంఏ చదివే స్నేహితుడి పుణ్యమా అని ఈ విషయంపై కొన్ని పాత వ్యాసాలు, పుస్తకాలు చదవగలిగాను. ఇంకో కారణం కూడా ఉంది, అది సొంతది.

నంద్యాలలో మా వీధి చివర ఒక టైలర్ చాచా ఉండేవాడు. నా స్కూల్ యూనిఫాం నుంచి బీటెక్ ఫేర్‌వెల్ ప్యాంటు దాకా కుట్టింది ఆయనే. కూతురి పెళ్లికి దాచిన డబ్బు బ్యాంకులో వేయడానికి ఆయనకు మనసొప్పలేదు. "వడ్డీ తినకూడదు బాబూ, ఇదైతే వ్యాపారంలో వాటా" అని ఒక కంపెనీలో పెట్టాడు. పెద్ద పేరున్న కంపెనీ కూడా కాదు. లక్షకు నెలకు మూడు వేలు "లాభం" వచ్చేది, ప్రతి నెలా ఒకే మొత్తం. ఏడాదిన్నర వచ్చింది, తర్వాత ఆగిపోయింది. ఆఫీసుకు తాళం పడింది. అప్పట్లో నాకు ఇది మామూలు మోసంలాగే కనిపించింది. ఈ టాపిక్ చదివాక అర్థమైంది ఏమిటంటే, చాచా నమ్మిన షరియా నియమాన్నే ఎవరైనా గట్టిగా అమలు చేసి ఉంటే ఆ కంపెనీ మొదటి నెలలోనే దొరికిపోయేది.

ఎలాగో చెప్పాలంటే ముందు బేసిక్స్ కావాలి. తెలిసినవాళ్లు ఈ రెండు పేరాలు దాటేయొచ్చు.

మామూలు బ్యాంకులో మనం డిపాజిటర్లం, అంటే బ్యాంకుకు అప్పిచ్చినవాళ్లం. బ్యాంకు లాభపడినా నష్టపోయినా మన అసలు, మన వడ్డీ మనకు రావాలి. ఇస్లామిక్ బ్యాంకులో ముదారబా ఖాతా అలా కాదు. మనం పెట్టుబడి పెడతాం, బ్యాంకు వ్యాపారం నడుపుతుంది. లాభం వస్తే ముందే ఒప్పుకున్న నిష్పత్తిలో, 60:40 అనుకోండి, పంచుకుంటాం. నష్టం వస్తే, బ్యాంకు నిర్లక్ష్యమో మోసమో చేస్తే తప్ప, ఆ నష్టం మనదే. ఇక్కడ ఒక గట్టి షరతు ఉంది. లాభంలో నిష్పత్తి నిర్ణయించుకోవచ్చు కానీ "నెలకు ఇంత" అని రూపాయల్లో ఖాయం చేయకూడదు. అలా ఖాయం చేస్తే అది పేరు మార్చుకున్న వడ్డీ. చాచాకు ప్రతి నెలా సరిగ్గా మూడు వేలు రావడమే ఆ కంపెనీ నియమం తప్పిందనడానికి రుజువు. ఆ సంగతి చెప్పాల్సిన షరియా బోర్డు ఆ కంపెనీకి లేదు, అడగాల్సిన రెగ్యులేటరూ లేడు.

ఇప్పుడు గవర్నెన్స్ సమస్య చూడండి. కంపెనీలో నష్టం భరించేది షేర్‌హోల్డర్. అందుకే అతనికి ఓటు ఉంది, వార్షిక సమావేశం ఉంది, డైరెక్టర్లను మార్చే హక్కు ఉంది. బ్యాంకు డిపాజిటర్‌కు ఓటు లేదు, కానీ అతని సొమ్ముకు రక్షణ ఉంది. ముదారబా ఖాతాదారుడికి షేర్‌హోల్డర్ రిస్కు ఉంది, డిపాజిటర్‌కున్నంత నోరే ఉంది. రెండు వైపులా నష్టపోయే కుర్చీ అది. ఇస్లామిక్ బ్యాంకుల కార్పొరేట్ గవర్నెన్స్ మీద ప్రపంచంలో జరిగే చర్చలో సగానికి పైగా ఈ కుర్చీ చుట్టూనే తిరుగుతుంది. మన సికింద్రాబాద్ ఉదాహరణతో ఇది బాగా అర్థమవుతుంది. 1994లో మొదలైన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు కేతన్ పరేఖ్ వ్యవహారంలో చిక్కుకుని, 2004 జులై 24న మారటోరియంలోకి వెళ్లి, ఆగస్టులో ఓరియంటల్ బ్యాంక్ ఆఫ్ కామర్స్‌లో విలీనమైంది. షేర్‌హోల్డర్లకు ఏమీ దక్కలేదు. డిపాజిటర్లకు డబ్బు భద్రంగా దక్కింది. అదే ముదారబా బ్యాంకు అయి ఉంటే డిపాజిటర్లు ఏ వరుసలో నిలబడేవారో ఊహించుకోండి.

ఇక చరిత్రలోకి. హైదరాబాద్‌లో అప్పుల వ్యాపారానికి పాత చరిత్ర ఉంది, అది వడ్డీతోనే మొదలవుతుంది. 1814లో విలియం పామర్ అండ్ కంపెనీ అక్కడ మొదలైంది. నిజాం ప్రభుత్వానికి ఏటా 24, 25 శాతం వడ్డీకి అప్పులిచ్చింది. నిజానికి యూరోపియన్లు సంస్థానాధీశులకు అప్పులివ్వకూడదని బ్రిటిష్ పార్లమెంటు చట్టం ఉంది. 1816లో గవర్నర్ జనరల్ లార్డ్ హేస్టింగ్స్ ఈ కంపెనీకి మినహాయింపు ఇచ్చాడు. (ఈయన వారన్ హేస్టింగ్స్ కాదు, ప్రిలిమ్స్‌లో ఇక్కడే తడబడతాం.) కంపెనీలో ఒక భాగస్వామి సర్ విలియం రంబోల్డ్. అతని భార్య హేస్టింగ్స్ సంరక్షణలో పెరిగిన అమ్మాయి! జీఎస్-4లో "కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంట్రెస్ట్"కు ఉదాహరణ కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి? హైదరాబాద్ రెసిడెంట్ హెన్రీ రసెల్‌కే ఆ కంపెనీతో లావాదేవీలున్నాయన్న ఆరోపణ ఉండేది. అంటే తనిఖీ చేయాల్సిన వాళ్లందరూ కంపెనీ వైపే ఉన్నారు.

1820లో మెట్‌కాఫ్ రెసిడెంట్‌గా వచ్చాక లెక్కలు తవ్వాడు. పెద్ద గొడవ అయింది. చివరికి 1823లో బాకీ తీర్చిన పద్ధతి తెలుగువాళ్లకు ప్రత్యేకంగా గుర్తుండాలి. ఉత్తర సర్కారుల మీద, అంటే ఇప్పటి కోస్తా జిల్లాల మీద, ఈస్టిండియా కంపెనీ నిజాంకు ఏటా పేష్కష్ కట్టేది. ఆ హక్కును నిజాం ఒకేసారి సుమారు 1 కోటి 16 లక్షల రూపాయలకు శాశ్వతంగా వదులుకున్నాడు. ఆ డబ్బుతో పామర్ బాకీ తీర్చారు. మరుసటి ఏడాదే పామర్ కంపెనీ దివాలా తీసింది. ఉత్తర సర్కారుల పాఠంలో 1766, 1768 ఒప్పందాలు బట్టీ పడతాం కానీ, ఆ కథ చివరి వాక్యం ఒక అప్పుల కంపెనీ ఖాతా పుస్తకంలో ఉందని నాకు మొన్నటిదాకా తెలియదు.

పామర్ పోయాక అప్పులు ఆగలేదు. 19వ శతాబ్దం హైదరాబాద్‌లో అరబ్బులు, రోహిల్లాలు, సాహుకార్లు వడ్డీ వ్యాపారంలో ముందుండేవారు. బాకీ వసూలుకు అరబ్బులు కత్తులు పట్టుకుని ఇంటి ముందు కూర్చునేవారు. మొదటి సాలార్ జంగ్ వాళ్లను అదుపు చేయడానికి చాలా శ్రమపడాల్సి వచ్చింది. మతం వడ్డీ వద్దంది కాబట్టి ముస్లిం సమాజంలో వడ్డీ లేదని రాస్తే అది చరిత్ర అవ్వదు.

ఈ నేపథ్యంలోనే వడ్డీ లేని అప్పుల సంఘాలు పుట్టాయి. వీటి గురించి మనకు బాగా చెప్పినవాడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, తర్వాత బాన్, సోర్బాన్‌లలో డాక్టరేట్లు చేశాడు. 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్లిన హైదరాబాద్ బృందంలో ఉన్నాడు. పోలీసు చర్య తర్వాత తిరిగి రాలేదు, దశాబ్దాల పాటు పారిస్‌లోనే గడిపాడు. ఇస్లామిక్ ఆర్థిక ఆలోచనకు, ఆచరణకు హైదరాబాద్ ఏమిచ్చిందనే విషయం మీద 1955లో ఒక వ్యాసం ప్రచురించాడు. ఈజిప్టులోని మిత్ గమ్ర్‌లో అహ్మద్ అల్-నజ్జార్ పొదుపు బ్యాంకు 1963లో మొదలైంది. ప్రపంచమంతా ఆధునిక ఇస్లామిక్ బ్యాంకింగ్‌కు దాన్నే తొలి ప్రయోగం అంటుంది. హమీదుల్లా వ్యాసం దానికన్నా ఎనిమిదేళ్ల ముందే వచ్చింది. ఆయన చెప్పిన సంఘాలు అంతకన్నా ఎంతో పాతవి.

ఆ సంఘాల పద్ధతి మనకు కొత్తేమీ కాదు. సభ్యులు నెలనెలా కొంత దాచుకుంటారు. అవసరమైన వాళ్లకు వడ్డీ లేకుండా అప్పు. దీన్నే ఖర్జ్-ఎ-హసనా అంటారు. మన చిట్టీలో పాట ఉంటుంది, ఇక్కడ పాట ఉండదు, అంతే తేడా. దాచేవాడు, తీసుకునేవాడు, లెక్క రాసేవాడు ముగ్గురూ ఒకే కచేరీలోనో ఒకే మొహల్లాలోనో ఉంటారు. కాబట్టి గవర్నెన్స్ అనే మాట లేకుండానే గవర్నెన్స్ ఉండేది. కార్యదర్శి కొత్త ఇల్లు కడితే శుక్రవారం మసీదు దగ్గరే నలుగురూ అడిగేస్తారు.

అదే కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దీనికి సిద్ధాంతమూ తయారవుతోంది. మనాజిర్ అహ్సన్ గీలానీ ఉర్దూలో ఇస్లామిక్ ఆర్థిక శాస్త్రం మీద పుస్తకం రాశాడు. ఆర్థిక శాస్త్రం చెప్పే అన్వర్ ఇక్బాల్ ఖురేషీ 1940ల మధ్యలో వడ్డీ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చాడు. వడ్డీ లేని బ్యాంకింగ్ మీద ఆధునిక ఆర్థిక శాస్త్ర భాషలో వచ్చిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఇక్కడ నాకు నచ్చని విషయం ఒకటుంది. నేను చదివినంతలో ఈ తరం రచయితల శ్రద్ధంతా వడ్డీ ఎందుకు తప్పు, దాని బదులు ఏం పెట్టాలి అన్నదాని మీదే. బ్యాంకు పెద్దదై, ముఖాలు తెలియని వేల మంది డబ్బు ఒక మేనేజర్ చేతిలోకి వచ్చాక అతన్ని ఎవరు చూసుకోవాలి అన్న ప్రశ్న పక్కకు పోయింది. మొహల్లాలో ఆ ప్రశ్న అవసరం లేదు, అందుకే వాళ్లకు తట్టలేదేమో.

స్వాతంత్ర్యం తర్వాత కూడా చిన్న సంస్థలు నిలబడ్డాయి. ఉత్తరప్రదేశ్‌లో తాండా బావ్లీ ముస్లిం ఫండ్ 1941 నాటిది, దేవ్‌బంద్‌ది 1961. హైదరాబాద్‌లో తూర్ బైతుల్ మాల్ 1966లో వచ్చింది. నగలు తాకట్టు పెట్టుకుని వడ్డీ లేకుండా అప్పివ్వడం ఇలాంటి సంస్థల ప్రధానమైన పని. తాకట్టు ఉంది కాబట్టి అసలు పోదు. లాభం ఇస్తామని ఎవరికీ మాటివ్వలేదు కాబట్టి ఎవరినీ మోసం చేయాల్సిన అవసరం రాదు. లోటు ఒక్కటే, ఇవి పెరగవు. నగ ఉన్నవాడికే అప్పు దొరుకుతుంది, దుకాణం పెట్టాలనుకునే కుర్రాడికి దొరకదు.

పెరగాలనుకున్నవి 1980, 90లలో ఫైనాన్స్ కంపెనీల రూపంలో వచ్చాయి. బెంగళూరు, ముంబై, ఢిల్లీలలో ఇస్లామిక్ ఫైనాన్స్ కంపెనీలు పుట్టుకొచ్చి, చాలావరకు ఆ దశాబ్దం దాటకుండానే చితికిపోయాయి. స్థిరాస్తుల్లో ఇరుక్కోవడం, సొంత వాళ్లకు అప్పులివ్వడం, 1997లో ఆర్‌బీఐ చట్ట సవరణతో ఎన్‌బీఎఫ్‌సీ నిబంధనలు బిగియడం, అన్నీ కలిశాయి. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. వడ్డీ తీసుకునే సంస్థలేమీ అదే కాలంలో బాగుపడలేదు. 2001 తర్వాత హైదరాబాద్‌లో కృషి, చార్మినార్, ప్రుడెన్షియల్ సహకార బ్యాంకుల ముందు క్యూలు మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గుర్తు చేసుకుంటారు. అగ్రిగోల్డ్‌లో మునిగిన సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లకు షరియాతో సంబంధమే లేదు. రోగం వడ్డీలోనూ లేదు, వడ్డీ లేకపోవడంలోనూ లేదు.

అసలు మన దేశంలో పూర్తి స్థాయి ఇస్లామిక్ బ్యాంకు ఎందుకు లేదు? కారణం 1949 బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం. సెక్షన్ 8 ప్రకారం బ్యాంకు సరుకుల వ్యాపారం చేయకూడదు. మురాబహాలో బ్యాంకు సరుకు కొని లాభానికి అమ్మాలి. సెక్షన్ 9 ప్రకారం సొంత అవసరానికి కాని స్థిరాస్తిని ఏడేళ్లకు మించి ఉంచుకోకూడదు. ఇజారాలో బ్యాంకు ఇల్లు కొని ఏళ్ల తరబడి అద్దెకిస్తుంది. 2006లో ఆనంద్ సిన్హా నేతృత్వంలోని ఆర్‌బీఐ బృందం ఇదే చెప్పింది, ఉన్న చట్టాలతో కుదరదని. 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను ఆర్థిక సమ్మిళితం కోణంలో అనుమతించమంది. 2015లో దీపక్ మొహంతీ కమిటీ మామూలు బ్యాంకుల్లోనే ఒక వడ్డీ లేని కౌంటరు, "విండో", పెట్టొచ్చంది. 2017లో ఒక ఆర్‌టీఐ జవాబులో ఆర్‌బీఐ ఈ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లడం లేదని తేల్చింది. బ్యాంకింగ్ సేవలు పౌరులందరికీ విస్తృతంగా, సమానంగా అందుబాటులో ఉన్నాయన్నది చెప్పిన కారణం. మధ్యలో కేరళలో ప్రభుత్వ సంస్థ కేఎస్ఐడీసీ వాటాతో ఒక షరియా ఫైనాన్స్ కంపెనీ ప్రతిపాదన వచ్చింది. అది సెక్యులరిజానికి విరుద్ధమని సుబ్రమణ్యస్వామి వేసిన కేసును 2011లో కేరళ హైకోర్టు కొట్టేసింది. పాలిటీ సమాధానాల్లో 27వ అధికరణ దగ్గర ఇది పనికొస్తుంది.

ఆర్‌బీఐ జవాబుతో నాకు సగమే ఏకీభావం. సచార్ కమిటీ 2006లోనే రాసింది, కొన్ని బ్యాంకులు ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను "నెగెటివ్" జోన్లుగా గుర్తించి అప్పులివ్వడం తగ్గించాయని. అవకాశాలు సమానంగా ఉన్నాయనడం కాగితం మీది మాట. కానీ ఇంకో పక్క నా స్నేహితుడు వాదించినట్టు "అనుమతిస్తే చాలు, మోసాలు ఆగుతాయి" అంటే అదీ ఒప్పుకోను. అనుమతి ఉన్న దేశాల్లో ఏం జరిగిందో కాసేపట్లో చూద్దాం.

ముందు మన పక్కనే జరిగింది. 2018 అక్టోబరులో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గ్రూప్ అధిపతి అరెస్టయ్యారు. ఏడాదికి 36 శాతం వరకు హలాల్ లాభమని చెప్పి డిపాజిట్లు సేకరించారన్నది కేసు. అది కోర్టుల పరిధిలో ఉంది, తీర్పు మనం రాయకూడదు. అయితే ఆ శాతాన్ని ఇంజనీరింగ్ బుర్రతో ఒకసారి చూడండి. 36 శాతం చొప్పున ఏటా తిరగేస్తే రెండేళ్ల మూడు నెలల్లో సొమ్ము రెట్టింపు అవుతుంది. బంగారం వ్యాపారంలో నిలకడగా అంత రావాలంటే నమ్మడానికి చాలా ధైర్యం కావాలి.

బెంగళూరు ఐఎంఏ కథ గవర్నెన్స్ విద్యార్థికి ఇంకా ముఖ్యమైనది. 2019 జూన్‌లో అది కూలింది. యజమాని దుబాయ్ వెళ్లిపోయి, జులైలో ఢిల్లీ ఎయిర్‌పోర్టులో దిగగానే అరెస్టయ్యాడు. దర్యాప్తు అంచనాల్లో మొత్తం నాలుగు వేల కోట్ల స్థాయిలో ఉంది. ఇక్కడి కిటుకు ఏమిటంటే డబ్బు పెట్టినవాళ్లను డిపాజిటర్లు అనలేదు. వాళ్లను ఎల్ఎల్‌పీలలో, అంటే పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థల్లో, భాగస్వాములుగా చేర్చారు. ముషారకా అంటే భాగస్వామ్యమే కదా, షరియాకు సరిపోయింది. డిపాజిట్ కాదు కాబట్టి డిపాజిటర్ల రక్షణ చట్టమూ వర్తించదని ఒక దశలో అధికారుల నివేదికే చెప్పింది. కాగితం మీద వేల మంది భాగస్వాములు. ఆ వేల మందిలో ఎంతమంది ఒక్కసారైనా ఖాతా పుస్తకం చూశారు? భాగస్వామి అన్న పేరు ఇచ్చి భాగస్వామి హక్కు ఇవ్వలేదు. నేను పైన చెప్పిన కుర్చీ ఇదే.

ఈ రెండు దెబ్బల మధ్య 2019 ఫిబ్రవరిలో ఆర్డినెన్సు, రెండో దెబ్బ తర్వాత జులైలో అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వచ్చాయి. దానికి ముందు మన ఉమ్మడి రాష్ట్రంలో 1999 నాటి ఆర్థిక సంస్థల డిపాజిటర్ల పరిరక్షణ చట్టం ఉండేది. కానీ ఆ చట్టాల కింద ఆస్తుల జప్తు సాధారణంగా సంస్థ చేతులెత్తేశాకే మొదలయ్యేది. కొత్త చట్టం రిజిస్టర్ కాని పథకం పెట్టడాన్నే నేరం చేసింది. ఈ తేడా మెయిన్స్‌లో రాస్తే మార్కులు పడతాయి.

ఇప్పుడు అనుమతి ఉన్న దేశాలు. టర్కీలో ఇహ్లాస్ ఫినాన్స్ ఆ దేశ వడ్డీ లేని సంస్థల్లోకెల్లా పెద్దది. 2001 సంక్షోభంలో, ఫిబ్రవరిలో, దాని లైసెన్సు రద్దయింది. నిధులు సొంత గ్రూపు కంపెనీలకే భారీగా వెళ్లాయి. అప్పట్లో అలాంటి సంస్థలకు డిపాజిట్ బీమా లేదు. టర్కీ ఆ తర్వాతే చట్టం మార్చి వాటిని "పార్టిసిపేషన్ బ్యాంకులు"గా పూర్తి బ్యాంకింగ్ పర్యవేక్షణలోకి, బీమాలోకి తెచ్చింది.

నాకు అన్నిటికన్నా బలంగా అనిపించిన ఉదాహరణ బంగ్లాదేశ్‌ది. ఇస్లామీ బ్యాంక్ 1983లో మొదలై ఆ దేశంలో అతిపెద్ద ప్రైవేటు బ్యాంకుగా ఎదిగింది. 2017 జనవరిలో దాని బోర్డు రాత్రికి రాత్రి మారిపోయింది. పగ్గాలు ఎస్.ఆలం గ్రూపు ప్రభావంలోకి వెళ్లాయి. తర్వాతి ఏడేళ్లలో ఆ గ్రూపుతో సంబంధమున్న కంపెనీలకు భారీ అప్పులు వెళ్లాయన్న ఆరోపణలు వచ్చాయి. 2024 ఆగస్టులో ప్రభుత్వం పడిపోయాక కేంద్ర బ్యాంకు ఆ బోర్డును రద్దు చేసింది. గమనించండి, 2016లో ఉన్న షరియా నియమాలే 2018లోనూ ఉన్నాయి. ఒప్పందాల పేర్లు అవే, షరియా కమిటీ అనే ఏర్పాటూ ఉంది, ఖాతాదారులూ వాళ్లే. మారింది డైరెక్టర్ల బోర్డు ఒక్కటే. మా ప్రశ్నలోని "ఎంతవరకు" అనే మాటకు దీన్ని మించిన సహజ ప్రయోగం దొరకదు.

మరి షరియా బోర్డు ఏం చేస్తుంది? కాగితం మీద అది రెండో కన్ను. ఆచరణలో ఆ పండితులకు జీతం ఇచ్చేది బ్యాంకే. కొద్దిమంది పేరున్న పండితులే పదుల కొద్దీ బ్యాంకుల బోర్డుల్లో ఉంటారు. మన స్వతంత్ర డైరెక్టర్ల సమస్య ఇదే కదా! సత్యం బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసర్ ఉన్నా 2009 జనవరి ఉత్తరం దాకా ఎవరికీ తెలియలేదు. 2015లో మొల్లా, జమాన్ అనే ఇద్దరు పరిశోధకులు మామూలు, ఇస్లామిక్ బ్యాంకులను పోల్చి చూశారు. షరియా బోర్డు నిజంగా పర్యవేక్షణ చేసే చోట బ్యాంకు పనితీరు మెరుగ్గా ఉంది. కేవలం సలహా ఇచ్చే చోట దాని ప్రభావం దాదాపు లేదు. 2008 సంక్షోభం మీద ఐఎంఎఫ్ పరిశోధకులు హసన్, ద్రిదీ చేసిన అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్పింది. మొదటి దెబ్బను ఇస్లామిక్ బ్యాంకులు బాగానే తట్టుకున్నాయి, ఎందుకంటే విష పత్రాలు వాళ్ల దగ్గర లేవు. కానీ 2009లో రియల్ ఎస్టేట్ పడినప్పుడు కొన్ని దేశాల్లో వాటి లాభాలు మామూలు బ్యాంకులకన్నా ఎక్కువ పడ్డాయి. రిస్కు నిర్వహణలో బలహీనతే కారణమన్నారు.

అందరూ రాసే మలేషియా గురించి కూడా రెండు మాటలు, ఎందుకంటే వాళ్లు ఆ కుర్చీ సమస్యను నేరుగా పట్టుకున్నారు. 2013 చట్టంలో ఇస్లామిక్ డిపాజిట్‌ను, పెట్టుబడి ఖాతాను విడగొట్టారు. డిపాజిట్ అయితే అసలుకు హామీ, బీమా ఉన్నాయి. పెట్టుబడి ఖాతా అయితే ఆ బీమా లేదు, నష్టం మీదేనని ముందే చెప్పాలి. షరియా నియమం తెలిసి తప్పితే ఎనిమిదేళ్ల వరకు జైలు, రెండున్నర కోట్ల రింగిట్ల వరకు జరిమానా. బ్యాంకుల షరియా కమిటీల పైన కేంద్ర బ్యాంకులోనే ఒక షరియా మండలి ఉంది, దాని మాటే చివరిది. ఎవరి నమ్మకం వాళ్లదే అని ప్రభుత్వం పక్కకు తప్పుకోలేదు.

మన దగ్గర ఇప్పటికిప్పుడు దగ్గర్లో ఉన్న దారి సహకార సంఘం అని నా అభిప్రాయం. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం, మనం మ్యాక్స్ చట్టం అని పిలిచేది, దేశంలోనే అలాంటి మొదటి చట్టం. ప్రభుత్వ వాటా ఉండదు, సభ్యులే యజమానులు, ఎన్నికైన బోర్డు, సర్వసభ్య సమావేశం, ఏటా ఆడిట్. ముదారబా ఖాతాదారుడికి లేని ఓటు ఇక్కడ ఉంది. ఢిల్లీ కేంద్రంగా 2010 నుంచి పనిచేస్తున్న సహూలత్ మైక్రోఫైనాన్స్ సొసైటీ లాంటివి వడ్డీ లేని సహకార సంఘాలను ప్రోత్సహిస్తున్నది కూడా ఈ తరహా చట్టాల కిందే. అప్పు మీద వడ్డీ బదులు నిర్వహణ ఖర్చుకు సరిపడా సేవా రుసుము తీసుకుంటారు. హమీదుల్లా చెప్పిన మొహల్లా సంఘానికి రిజిస్ట్రేషన్ నంబరు వచ్చినట్టు.

కానీ ఇందులోనూ రంధ్రాలున్నాయి. మ్యాక్స్ బోర్డు తగిలించి డిపాజిట్లు ఎత్తుకుపోయిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వచ్చాయి. సంఘాల్లోని పొదుపుకు డిపాజిట్ బీమా వర్తించదు. 2020 ఫిబ్రవరిలో లక్ష నుంచి ఐదు లక్షలకు పెంచిన ఆ రక్షణ బ్యాంకులకే పరిమితం. ఆడిటర్‌ను సంఘమే పెట్టుకుంటుంది. ఓటున్న సభ్యుడు సమావేశానికి వెళ్లకపోతే ఆ ఓటు ఐఎంఏ భాగస్వామి కాగితం లాంటిదే.

ఈ వ్యాసం రాస్తూ పోయిన వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు నాన్నని చాచా గురించి అడిగాను. పెళ్లి అప్పుచేసి జరిపించాడట, ఆ అప్పు వడ్డీకే. ఇప్పుడు పక్క వీధిలో మొదలైన ఒక వడ్డీ లేని పొదుపు సంఘంలో చేరమంటున్నారట. చేరేముందు పోయినేడు ఆడిట్ కాగితం చూపించమని అడిగాడట. వాళ్లు ఇంకా చూపించలేదు. ఆయన ఇంకా చేరలేదు.